ఇంటికొచ్చే చెత్త కాగితాలు ఆపాలంటే ఏం చేయాలి?

ఇంటర్ అడ్మిషన్ల కాలం వచ్చిందంటే నెల్లూరులో పేపరు కంటే దాంట్లోంచి జారిపడే పాంప్లెట్లే ఎక్కువ బరువుంటాయి. కాలేజీలు, వెంచర్లు, పొగతోటలో కొత్తగా తెరిచిన ఆసుపత్రి, అన్నీ అందులోనే. దానికి గేటు దగ్గర నిలబడి పేపరబ్బాయి మీద అరుస్తారు చూడండి, అది మానండి. పాంప్లెట్లకి డబ్బులు తీసుకునేది ఏజెంటు. నెల బిల్లుకి వచ్చినప్పుడు, డబ్బు చేతిలో పెట్టే ముందే "అన్నా, మా పేపర్లో పాంప్లెట్లు పెట్టొద్దు" అని చెప్పండి. వాట్సాప్ మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటారు.

తర్వాత గేటు మీద "పాంప్లెట్లు వేయరాదు" అని రాయండి. పెయింటుతోనే, తెలుగులోనే, పెద్దక్షరాలతో. ప్రింటవుట్ అంటిస్తే కార్తీకంలో వానలకి ఒక్క వారం కూడా ఆగదు.

పేరు మీద వచ్చేవి వేరే కథ. బ్యాంకు స్టేట్‌మెంట్లు యాప్‌లోనే ఈమెయిల్‌కి మార్చుకోవచ్చు. షేర్లుంటే డీమ్యాట్ ఖాతాలో ఈమెయిల్ ఎక్కించండి, లావుపాటి వార్షిక నివేదికలు చాలావరకు తగ్గుతాయి. కొందరు 1909కి మెసేజ్ పెట్టి ఇంక ఉత్తరాలు కూడా రావని కూర్చుంటారు. అది టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ వాళ్లది, ఫోన్‌కొచ్చే కాల్స్‌కీ మెసేజ్‌లకే. కాగితానికి దాంతో పనిలేదు.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు: పోస్టుమ్యాన్‌కి తిరిగి ఇచ్చేయడం. మామూలు ప్రకటన ఉత్తరమైతే కవరు చించకుండా పైన "తీసుకోను" అని రాసి, సంతకం, తేదీ వేసి ఇచ్చేయొచ్చు. చించి చూశాక తిరిగిస్తే కుదరదు. పాత అద్దెవాళ్ల పేరు మీద వచ్చినవైతే "ఈ అడ్రసులో లేరు" అని రాయండి, అంతేగానీ మీరు తెరవొద్దు, చించొద్దు.

కానీ సంతకం పెట్టించుకుని ఇచ్చేవి మాత్రం, ఎవరు పంపారో తెలియకపోయినా, తీసుకోండి. పాస్‌పోర్టు, పాన్ కార్డు, ఏటీఎం కార్డు అలాగే వస్తాయి. అసలు భయం నోటీసులతో. లాయరు నోటీసు వద్దని పంపేస్తే తప్పించుకున్నామనుకుంటారు జనం, కోర్టులు మాత్రం అది మీకు అందినట్టే లెక్కేస్తాయి. చెక్ బౌన్స్ నోటీసైతే డబ్బు కట్టడానికి ఉండేది 15 రోజులే, మీరు కవరు చూడలేదని గడువు ఆగదు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కవరు మీద "రిజిస్టర్డ్" అని లేదు కదా, మామూలుదేలే అనుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది మరీ మరీ చెప్పండి, అమ్మేవాళ్లనుకుని పోస్టుమ్యాన్‌ని కూడా గేటు దగ్గర్నుంచే పంపేస్తారు వాళ్లు.

చివరగా, బట్టల షాపులో లక్కీ డ్రా కూపన్ ఇస్తే అడ్రసు గడి ఖాళీగా వదిలేయండి. కారు గెలిస్తే ఫోన్ చేస్తారులెండి.