చెన్నై వానల్లో మన తెలుగు గ్రూప్‌కి కబురు పెట్టడం ఎలా

అక్టోబర్ సగం దాటిందంటే చాలు, మా వేళచ్చేరి తెలుగు గ్రూప్‌లో పిండివంటల ఫోటోలు ఆగిపోయి "చెంబరంబాక్కం గేట్లు ఎత్తేశారంట" మొదలవుతుంది. చెంబరంబాక్కం అంటే చెన్నైకి నీళ్ళిచ్చే పెద్ద చెరువు. ఎంత ఎత్తారు, ఎప్పుడు ఎత్తారు, ఎవరు చెప్పారు, అసలు ఆ నీళ్ళు మన వైపు వస్తాయా రావా, ఇవేవీ అందులో ఉండవు. చివర్లో రెండు దణ్ణాల బొమ్మలు మాత్రం తప్పకుండా ఉంటాయి.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. 2023 డిసెంబర్ 4, మిగ్‌జాం తుపాను, కరెంటు లేదు, సిగ్నల్ వచ్చీ రానట్టుంది, ఎవరో పంపిన వాయిస్ మెసేజ్ సగం విని "చెరువు కట్ట తెగింది" అని గ్రూప్‌లో పడేశాను. పక్క బ్లాక్‌లో ఒకాయన ముసలి తల్లిని వీపున ఎక్కించుకుని మోకాటి లోతు నీళ్ళలో బయల్దేరాడు. తీరా చూస్తే అది పాత వాయిస్, ఏ ఊరిదో కూడా తెలియదు. వాళ్ళు క్షేమంగానే తిరిగొచ్చారు గానీ, మర్నాడు వీధి చివరికి పడవ వచ్చిందని నేను నిజం చెబితే ఒక్కరూ కదల్లేదు. ప్రభుత్వాలకి పోయే పరువు కూడా ఇలాగే పోతుంది.

2015 వరదలు గుర్తున్నాయిగా. డిసెంబర్ 1 రాత్రి చెంబరంబాక్కం నుంచి సుమారు 29,000 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు) అడయార్ నదిలోకి వదిలారు. హెచ్చరించామని అధికారులు అన్నారు, మాకెవరూ చెప్పలేదని నది ఒడ్డున ఉన్నవాళ్ళు అన్నారు. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు, ఆఫీసు నుంచి ఆఫీసుకి కాగితం వెళ్ళడం వేరు, సైదాపేటలో నిద్రపోతున్న మనిషి చెవిన పడటం వేరు. ఆ ఖాళీలోకి పుకార్లు దూరాయి. ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదున్న మొసళ్ళ పార్కు నుంచి మొసళ్ళు తప్పించుకుని ఊళ్ళోకి వచ్చేశాయని ఒకటి, పార్కు వాళ్ళు బయటికొచ్చి అలాంటిదేమీ లేదని చెప్పాల్సి వచ్చింది. దానికి తోడు సహాయం పొట్లాల మీద ముఖ్యమంత్రి బొమ్మ స్టిక్కర్లు. అన్నం పెట్టి కూడా తిట్లు తినడం అంటే అదే.

అదే చెరువు, అదే నది, 2020 నవంబర్ 25, నివర్ తుపాను. మధ్యాహ్నం 12 గంటలకి 1,000 క్యూసెక్కులతో మొదలుపెడతామని ముందే ప్రకటించారు, తర్వాత పెంచుతూ పోయారు. ఆ ఏడు వాన 2015 అంత లేదనుకోండి, అయినా జనానికి సర్దుకునే టైమ్ దొరికింది.

కాబట్టి మీరు గ్రూప్‌లో పెట్టే ముందు చూసుకోవాల్సింది, మీ వీధికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయన్నది. చెంబరంబాక్కం వదిలితే ఆ నీళ్ళు అడయార్‌లోకి వెళ్తాయి, కుండ్రత్తూరు, మణపాక్కం, జాఫర్‌ఖాన్‌పేట, కొట్టూరుపురం వాళ్ళు చూసుకోవాలి. పూండి జలాశయం వదిలితే (మన కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్ళు చేరేది అక్కడికే) అవి కొసస్తలై నదిలో పడి ఎన్నూరు వైపు పోతాయి. మా వేళచ్చేరి గొడవ వేరే, ఇక్కడ పడిన వాన పళ్ళికరణై చిత్తడి దాటి, ఒక్కియం మడుగు మీదుగా బకింగ్‌హాం కాలువలో కలిస్తే గానీ మాకు తెరిపి లేదు. ఇది తెలియక ఏటా చెంబరంబాక్కం పేరు చెప్పుకుని మేం బెంబేలెత్తుతుంటాం. "గేట్లు ఎత్తారు" అని ఎవరైనా పెడితే ఎన్ని క్యూసెక్కులు అని అడగండి. 100కీ 29,000కీ తేడా చెప్పని కబురు కబురే కాదు.

మా ఊళ్ళో టముకు వేసే ఆయన "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అనేవాడు, ఎవరి ఆజ్ఞో చెప్పేవాడు, వీధి వీధికీ ఆగి మళ్ళీ అదే మాట చెప్పేవాడు. మీరూ అంతే. నేను ఇప్పుడు పెట్టే పద్ధతి ఇది, ఊరికే నమూనాకి: "మంగళవారం మధ్యాహ్నం 3 గంటలు. జల వనరుల శాఖ ప్రకటన. సాయంత్రం 5కి ఫలానా చెరువు నుంచి ఇన్ని క్యూసెక్కులు. ఫలానా వీధులవాళ్ళు బండ్లు పైకి తీయండి. మన వీధికి ప్రస్తుతం ఏమీ లేదు. మళ్ళీ 6కి చెబుతాను." టైమూ వారమూ మెసేజ్ లోపలే రాయండి, లేకపోతే వచ్చే ఏడాది ఎవరో దాన్నే మళ్ళీ తిప్పుతారు. 6కి చెప్పడానికి ఏమీ లేకపోయినా "కొత్తగా ఏమీ లేదు" అని పెట్టండి, టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

తమిళ ప్రకటనలతో కాస్త జాగ్రత్త. "ఉబరి నీర్" అని టీవీలో వస్తే మనవాళ్ళు ఉపరి అంటే పైన కదా, పై నుంచి నీళ్ళు వస్తున్నాయనుకుంటారు. అది చెరువులో మిగులు నీరు. "తాళ్వాన పగుది" అంటే పల్లపు ప్రాంతం, "నివారణ ముగామ్" అంటే సహాయ శిబిరం. "కన మళై" అంటే ఒక రోజులో 7 నుంచి 11 సెంటీమీటర్ల వాన, "మిగ కన మళై" 12 నుంచి 20, "అతి కన మళై" అంటే 20 దాటింది. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, అందుకే పొద్దున 8:30 లెక్కలో చూసిన 15 సెంటీమీటర్లు చాలావరకు నిన్నటి వానే.

వాతావరణ శాఖ హెచ్చరికల రంగుల దగ్గర ఇంకో చిక్కు. రెడ్ అంటే చర్య తీసుకోమని, అంతేగాని మీ వీధిలో కచ్చితంగా కుండపోత అని హామీ కాదు. 2024 అక్టోబర్‌లో రెడ్ అలర్ట్ అనగానే మా వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు బారులు తీరాయి, తీరా 16న పెద్దగా పడలేదు. "ఉత్తినే భయపెట్టారు" అని గ్రూపంతా నవ్వుకుంది. నేను మాత్రం కారు పైన పెట్టినవాళ్ళనే మెచ్చుకుంటాను. వాయుగుండం పక్కకి జరిగిందని వెంటనే, మన భాషలో, ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదు. ఇక్కడ చాలామంది అధికారిక బులెటిన్ కంటే ముందు తమిళనాడు వెదర్‌మ్యాన్ (సొంతంగా వాన కబుర్లు చెప్పే ఒక బ్లాగర్) పేజీ చూడటానికి కారణం కూడా ఆ విడమరచడమే అని నాకనిపిస్తుంది.

తప్పు పెడితే చప్పుడు చేయకుండా డిలీట్ చేయకండి. చూసినవాళ్ళు చూసే ఉంటారు. "పొద్దున నేను పెట్టింది తప్పు, అసలు సంగతి ఇది" అని కింద రాయండి. నా చెరువు కట్ట గొడవకి అలా రాయడానికి రెండు రోజులు పట్టింది, సిగ్గుతో.

కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913కి ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు నంబర్ గ్రూప్‌లో పెట్టండి, ఒకరే ఫాలో అవ్వండి. నీళ్ళు తోడే మోటారు రాకపోతే రాలేదని రాయండి, వస్తే వచ్చిందని కూడా అంతే పెద్దగా రాయండి, రెండోది మనం మర్చిపోతుంటాం. పార్టీ గొడవలు మాత్రం నీళ్ళు దిగాక పెట్టుకోండి.

ఇక గ్రూప్‌లో లేనివాళ్ళు. మా పక్క సైట్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు, తమిళం చదవలేరు, కొందరికి తెలుగు చదవడమూ కష్టమే. వాళ్ళకి వాయిస్ పెడతాను, అదీ మేస్త్రీ చేతే చెప్పిస్తాను, ఎందుకంటే నా గోదావరి యాసకి వాళ్ళు నవ్వుకుంటారు తప్ప కదలరు. ఆయన "ఓరే, పిల్లల్ని ఎత్తుకోండ్రా" అన్నాడంటే మాత్రం అయిదు నిమిషాల్లో షెడ్డు ఖాళీ.