కట్టెల పొయ్యి గదిలోకి పొగ తన్నుతోందా?

అమెరికాలోనో కెనడాలోనో పాత ఇటుక చిమ్నీ ఉన్న ఇల్లు కొని, దానికి ఇనుప కట్టెల పొయ్యి బిగించుకున్న మనవారు నాకు చెప్పే లక్షణాలు ఎప్పుడూ ఒకటే: పొయ్యి తలుపు తీయగానే పొగ గదిలోకి తన్నుతుంది, మంట నీరసంగా ఉంటుంది, ఆ తలుపు అద్దం త్వరగా నల్లబడుతుంది. కట్టెలు పచ్చివని తేల్చేసే ముందు, చిమ్నీ అడుగున మసి తీసే ఇనుప తలుపు బిగువుగా మూసుకుందో లేదో దయచేసి చూడండి. అక్కడ సందు ఉంటే చల్లగాలి చిమ్నీలోకి చేరి, పొగను పైకి లాగే బలాన్ని తగ్గిస్తుంది. రెండు నిమిషాల పని, అయినా చూసేవారు అరుదు.

ఆ తలుపు సరిగానే ఉంటే, పొయ్యి నుంచి పొగను తీసుకెళ్లే గొట్టం చిమ్నీలోకి ఎంత లోతుగా దూరిందో చూడాలి. నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కారణం ఇదే. ఒక ఇంట్లో గొట్టం మార్చి, చిమ్నీ ఎత్తు పెంచిన తరువాత గానీ నాకు అర్థం కాలేదు. గొట్టం లైనర్ (చిమ్నీ లోపల పొగ పైకి పోయే గొట్టపు పూత) లోపలి అంచు దగ్గరే ఆగాలి. లోపల 7 అంగుళాల వెడల్పున్న లైనర్‌లోకి 6 అంగుళాలు చొచ్చుకుపోతే, ఎదుటి గోడకు ముందు పొగ పోవడానికి మిగిలేది ఒక్క అంగుళమే. గది వైపు నుంచి చూస్తే అతుకు చక్కగానే కనిపిస్తుంది. పైగా శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడల్లా గొట్టం కొంచెం లోపలికి జరుగుతుంది కనుక, నిరుడు బాగా పనిచేసిన పొయ్యి ఈ ఏడు మొరాయిస్తుంది.

పొయ్యి పూర్తిగా చల్లారాక, మసి తలుపులోంచి అద్దం, టార్చి పెట్టి పైకి చూస్తే గొట్టం అంచు కనిపిస్తుంది. దాన్ని బయటికి తీసి, గోడ ముఖం నుంచి లైనర్ లోపలి అంచు వరకు పుల్లతో కొలిచి, ఆ కొలతను గొట్టంపై గుర్తు పెట్టి, అంతవరకే దూర్చండి. చుట్టూ ఉన్న సందును వేడిని తట్టుకునే సిమెంటుతో మూయాలి. మామూలు సిమెంటు పగులుతుంది. ప్రతి అతుకుకూ 3 స్క్రూలు వేస్తే గొట్టం మళ్లీ జరగదు. గొట్టం చిమ్నీ వైపు అడుగుకు పావు అంగుళం చొప్పున ఎత్తుగా సాగాలి. ఒంటిపొర గొట్టానికీ మంట అంటుకోగల గోడకూ మధ్య 18 అంగుళాల దూరం ఉండాలి.

పక్షి గూడు, పొట్టి చిమ్నీ వంటి కారణాలూ ఉండవచ్చు. నిచ్చెన ఎక్కితే తెలుస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే మాత్రం ఏదీ వెతకకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.