ఎక్స్1, క్యూ3, జీఎల్ఏ, ఎక్స్‌సీ40: కొత్తదైనా సెకండ్ హ్యాండ్ అయినా ఏం చూసి కొనాలి

బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడి క్యూ3, మెర్సిడెస్ జీఎల్ఏ, వోల్వో ఎక్స్‌సీ40. మన దగ్గర చిన్న సైజు లగ్జరీ ఎస్‌యూవీ అంటే కొన్నేళ్లుగా తిరిగేవి ఎక్కువగా ఈ నాలుగే. వీటిలో ఏది మంచిదని అందరూ అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. మీ బండి రోజుకి ఎంత దూరం తిరుగుతుంది? అందులో ఆగకుండా ఎంతసేపు పరుగెడుతుంది? ఇది తేలితే పెట్రోలా, డీజిలా, కరెంటుదా అన్నది తేలిపోతుంది. అప్పుడు నాలుగింట్లో కొన్ని వాటంతటవే పక్కకు పోతాయి.

డీజిల్ ఎవరికి పనికొస్తుంది

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవన్నీ బీఎస్6 అనే కాలుష్య ప్రమాణానికి తయారైన బళ్లు. ఈ డీజిల్ బళ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అంతకు ముందు వచ్చిన లగ్జరీ డీజిళ్లలోనూ చాలావాటికి ఉంది. ఇంజిన్ వదిలే మసి అందులో పేరుకుంటుంది. కొన్ని వందల కిలోమీటర్లకోసారి బండే అదనంగా డీజిల్ కాల్చి, ఫిల్టర్‌ని దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కించి, ఆ మసిని కాల్చేస్తుంది. ఈ పని పూర్తవ్వాలంటే బండి ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా, 60కి తగ్గని వేగంతో నడవాలి.

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పాకుతూ వెళ్లి, పాకుతూ తిరిగొచ్చే బండికి ఆ అవకాశం దొరకదు. మొదలైన శుభ్రం మధ్యలోనే ఆగిపోతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది. ఇదే పదేపదే జరిగితే ముందు డీపీఎఫ్ లైటు వెలుగుతుంది, తర్వాత పికప్ చచ్చిపోతుంది, చివరికి ఫిల్టర్ మార్చమంటారు. ఆ బిల్లు లక్షల్లో ఉంటుంది.

అందుకే లెక్క సూటిగా పెట్టుకోండి. ఏడాదికి 12 వేల కిలోమీటర్ల లోపు, అదీ ఊళ్లోనే అయితే పెట్రోల్. 20 వేలు దాటి, వారానికి ఒకసారైనా ఔటర్ రింగ్ రోడ్డు మీదో విజయవాడ హైవే మీదో అరగంట పరుగు ఉంటే డీజిల్. మధ్యలో ఉన్నవాళ్లు పెట్రోల్ వైపే మొగ్గడం మేలు. మైలేజీలో మిగిలే డబ్బు ఒక్క డీపీఎఫ్ బిల్లుకి సరిపోదు.

పెట్రోల్లో గేర్‌బాక్స్ కూడా చూడాలి. ఇప్పటి ఎక్స్1, జీఎల్ఏ, క్యూ3 పెట్రోళ్లలో వచ్చేది డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్. హైవే మీద చురుగ్గా ఉంటుంది, బంపర్‌కి బంపర్ ట్రాఫిక్‌లో మాత్రం అప్పుడప్పుడు తడబడుతుంది. వోల్వో ఎక్స్‌సీ40 పెట్రోల్‌లో 8 గేర్ల మామూలు ఆటోమేటిక్ ఉంటుంది, నత్తనడకకి అదే హాయి. పైగా గ్రౌండ్ క్లియరెన్స్ 211 మి.మీ. పండక్కి సొంతూరు మట్టిరోడ్డు ఎక్కేవాళ్లకి ఈ నాలుగింట్లో అదే ధైర్యం. బలం విషయానికొస్తే 2022లో వచ్చిన క్యూ3కి 2 లీటర్ల ఇంజిన్, 190 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్నాయి. 2023లో వచ్చిన ఎక్స్1 పెట్రోల్‌ది 1.5 లీటర్, మూడు సిలిండర్లు, 136 హార్స్‌పవర్. నలుగురు కూర్చుని, ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కిస్తే తేడా తెలుస్తుంది. వెనక సీటు ఎక్స్1లో విశాలం. 2014లో వచ్చిన మొదటి తరం జీఎల్ఏ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఇంట్లో పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టి తిప్పడానికి కాదు: పైకప్పు కిందికి, కిటికీలు ఇరుకు.

కొత్తది కొనేవాళ్లకి

ఎక్స్‌షోరూం ధర చూసి బడ్జెట్ వేసుకోకండి. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా ఈ ధరల్లో లైఫ్ టాక్స్ దాదాపు ఐదో వంతు పడుతుంది. పైన ఇన్సూరెన్స్, 10 లక్షలు దాటినందుకు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను. ఆ టీసీఎస్ ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, వదిలేయకండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు పోయి ఒకటే 40 శాతం జీఎస్టీ వచ్చింది. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు కొందరు ఇప్పటికీ పన్ను తగ్గకముందు నాటి కొత్తబండి ధర చూపించి బేరం పెడతారు. తగ్గిన ధరతోనే పోల్చండి.

తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకి రోడ్ టాక్స్ మాఫీ ఉంది. బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంటివి ఆన్‌రోడ్ ధరలో పెట్రోల్ బండికి దగ్గరగా రావడానికి అదే కారణం. అపార్ట్‌మెంట్లో మీ పార్కింగ్ దాకా కరెంటు లైను లాగడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కున్నాకే అడ్వాన్సు కట్టండి.

డెలివరీకి ముందు డోర్ పిల్లర్ మీది స్టిక్కర్‌లో తయారైన నెల, టైర్ల తేదీలు చూడండి. జనవరిలో కొంటూ కిందటేడు మేలో తయారైన బండి తీసుకుంటుంటే, అమ్మేరోజు ఏడాది పాతదిగానే లెక్క కడతారు. ఆ తేడా కొనేరోజే తగ్గించమనాలి.

సెకండ్ హ్యాండ్: ఏ వయసుది

మూడు నాలుగేళ్లది అన్నిటికన్నా లాభం. మొదటి ఓనరు లైఫ్ టాక్స్ కట్టేశారు, ధర పెద్ద పతనం ఆయన లెక్కలోనే పోయింది, కొన్నిటికి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా మిగిలి ఉంటుంది. అది మీ పేరుకి మారుతుందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరుతో అడగండి, అమ్మే మనిషి మాట చాలదు. ఏడేళ్లు దాటినదైతే కొన్న డబ్బు కాకుండా రెండు లక్షలు విడిగా పెట్టుకోగలిగితేనే ఆ ఆలోచన చేయండి.

ఒక్కో మోడల్‌కి ఒక్కో బలహీనత ఉంది. మొదటి తరం ఎక్స్1 డీజిల్‌లో టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులని సమయానికి తెరిపించే గొలుసు) ఇంజిన్‌కి వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అరిగితే గొలుసు రాసుకుంటున్న చప్పుడు వస్తుంది. మార్చాలంటే గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ దింపాల్సిందే. తెగితే ఇంజినే పోతుంది. ఆ చప్పుడు వినిపిస్తే బేరం కూడా ఆడొద్దు. 2016లో మన దగ్గరికొచ్చిన రెండో తరం ఎక్స్1 డీజిల్ చూస్తుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే భాగం) గురించి అడగండి. 2018లో ఆ కూలర్ లీకు వల్ల మంటలు రేగే ప్రమాదం ఉందని బీఎండబ్ల్యూ పలు దేశాల్లో డీజిల్ బళ్లని వెనక్కి పిలిచింది. మీరు చూసే బండికి అది వర్తిస్తుందా, పని జరిగిందా అన్నది ఛాసిస్ నంబరు చెబుతుంది.

2015కి ముందు క్యూ3 డీజిళ్లలో ఉన్నది ఈఏ189 ఇంజిన్. పరీక్షల్లో మాత్రం పొగ తక్కువ చూపించే సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో ఆడి మాతృసంస్థ ఫోక్స్‌వాగన్ గ్రూపు 2015 డిసెంబర్‌లో దేశంలో 3.23 లక్షల బళ్లు వెనక్కి పిలిచింది, ఇవి అందులోవే. అప్‌డేట్ అయిందా అని అడగండి. క్వాట్రో (ఆడి నాలుగు చక్రాల డ్రైవ్) అయితే రెండు బిల్లులు వెతకండి. ఒకటి గేర్‌బాక్స్ ఆయిల్, 60 వేల కిలోమీటర్లకి మార్చాలి. రెండోది వెనక చక్రాలకి బలం పంపే హాల్డెక్స్ యూనిట్ ఆయిల్, మూడేళ్లకోసారి. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. లోపలి జల్లెడ పూడుకుపోయి పంపు కాలిపోతుంది. పైకేమీ తెలియదు, నాలుగు చక్రాల డ్రైవ్ బండి కాస్తా రెండు చక్రాల డ్రైవ్‌తోనే తిరుగుతుంటుంది.

బండి దగ్గరికి వెళ్లినప్పుడు

పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. చల్లటి ఇంజిన్ మొదటి అర నిమిషంలో చెప్పే నిజం తర్వాత రోజంతా చెప్పదు.

డీజిల్ అయితే స్టార్ట్ చేసే ముందే పొగగొట్టం లోపల తెల్లగుడ్డ చుట్టిన వేలు తిప్పండి. డీపీఎఫ్ సరిగ్గా ఉన్న బండి గొట్టం బూడిదరంగులో పొడిగా ఉంటుంది, గుడ్డకి పెద్దగా ఏమీ అంటదు. కాటుకలా నల్లటి మసి అంటితే ఫిల్టర్ పగిలినట్టు, లేదా లోపలి గుల్ల పీకేసి సాఫ్ట్‌వేర్‌తో లైటు ఆర్పేసినట్టు. రెండోది ఇక్కడ మామూలైపోయింది. అలాంటి బండి కొంటే కొత్త ఫిల్టర్ ఖర్చు మీ నెత్తిన పడినట్టే.

తర్వాత సీటు బెల్టు. చివరికంటా లాగండి, ఆగిపోయేదాకా. ఆ చివరి అడుగు బట్ట ఎవరూ వాడరు, ఎవరూ కడగరు. అక్కడ అడ్డంగా మట్టి గీత, బూజు మరక, లేదా మిగతా బెల్టుకన్నా గరుకు కనిపిస్తే బండి నీళ్లలో మునిగింది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, 2023 డిసెంబర్‌లో చెన్నై మునిగాయి. అలా మునిగిన బళ్లు కడిగి, సీట్లు ఆరబెట్టి, వేరే ఊళ్లో అమ్మకానికి రావడం ఈ వ్యాపారంలో తెలిసిన విషయమే. సీటు కింద పట్టాల తుప్పు, డిక్కీలో స్టెపినీ గుంతలో మట్టి, కార్పెట్ ఎత్తితే వచ్చే ముక్కవాసన కూడా చూడండి. మునిగిన లగ్జరీ బండి అప్పటికి బాగానే నడుస్తుంది. వైర్ల జాయింట్లకి పచ్చగా చిలుం పట్టి ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కో లైటూ వెలగడం మొదలవుతుంది, అప్పుడిక తుదీ మొదలూ ఉండదు.

సన్‌రూఫ్ తెరిచి మూలనున్న కాలువలో చిన్న గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. అవి గొట్టంలోంచి దిగి ముందు చక్రం దగ్గరో తలుపు సందులోనో కింద కారాలి. నీళ్లు అక్కడే నిలిచిపోతే గొట్టం పూడుకుంది. మొదటి పెద్ద వానకి ఆ నీరు కాళ్ల దగ్గరి కార్పెట్‌లోకి దిగుతుంది.

టైరు మీద డీఓటీ అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు 3521 అంటే 2021లో 35వ వారం. ఆరేళ్లు దాటినవి ఎంత గాడి ఉన్నా మార్చాల్సిందే. బీఎండబ్ల్యూలో ఎక్కువగా వచ్చే రన్‌ఫ్లాట్లు (పంక్చరైనా కొంత దూరం నడిచే టైర్లు) ఒక్కోటి 20 వేల రూపాయలకి పైనే. నాలుగు చక్రాల డ్రైవ్ బండికి ముందో కంపెనీ వెనకో కంపెనీ టైర్లుంటే అనుమానించండి. గాడి లోతులో తేడా ఎక్కువైతే హాల్డెక్స్ లాంటివి ఊరికే వేడెక్కుతాయి.

రంగు మందం కొలిచే పెయింట్ మీటరు పట్టుకెళ్లండి. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. 300 అంటే మళ్లీ రంగు వేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. బంపర్‌కో ఒక తలుపుకో రంగు వేసినందుకు బండి వదులుకోనక్కర్లేదు. పైకప్పు, పిల్లర్లు, ముందు చాసీ కొమ్ముల దగ్గర ఉంటే మాత్రం లేచి వచ్చేయండి.

నడిపేటప్పుడు బ్రేకు మీంచి కాలు తీసి, యాక్సిలరేటర్ తొక్కకుండా, చదునైన చోట కదలనివ్వండి. డ్యూయల్ క్లచ్ గిలగిల్లాడినా, ఆగి ఒక్కసారి తన్నినా క్లచ్‌లు అరిగాయనుకోండి. రివర్స్‌లో కూడా ఇదే చేయండి, అక్కడ ఇంకా ముందే బయటపడుతుంది.

చివరగా లిఫ్ట్ ఎక్కించి, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. అమ్మేవాళ్లు చెప్పిన గ్యారేజీలో కాదు, మీరు ఎంచుకున్న చోట. మీటరు రీడింగ్ వెనక్కి తిప్పినా బండిలోని కొన్ని కంప్యూటర్ మాడ్యూళ్లలో అసలు కిలోమీటర్లు మిగిలిపోతాయి. ఆ రీడింగులు, షోరూం సర్వీస్ రికార్డులో ఉన్న కిలోమీటర్లు, టైర్ల వయసు ఒకే కథ చెప్పాలి. స్కానర్ పెట్టబోతే మెమరీ మొత్తం అప్పుడే తుడిచేసినట్టు కనిపిస్తే, నలభై కిలోమీటర్లు నడిపి మళ్లీ పెట్టించండి.

కాగితాలు, డబ్బు

ఢిల్లీ ప్రాంతంలో పాత డీజిళ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడివి ఇక్కడ చవగ్గా కనిపిస్తాయి. ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం ఫారం 28, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్, కొత్త నంబరు లెక్కలో వేసుకుంటే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది.

మన రాష్ట్రం బండి పేరు మార్పుకి ఫారం 29, 30. లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లే కట్టాలి. కొన్న 30 రోజుల్లో ఆర్సీ మార్పుకి పెట్టండి, ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపే మీ పేరుకి మార్చండి. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాలి. పాలసీ నంబరుతో పాత క్లెయిములు అడిగితే పెద్ద యాక్సిడెంట్లు అక్కడే బయటపడతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోండి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మామూలు పాలసీలో ఆ నష్టం సాధారణంగా రాదు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. కొంత మొత్తం ఆర్సీ మీ పేరుకి మారేదాకా ఆపుకుంటామని అగ్రిమెంట్లోనే రాయించండి.

బండి ఇంటికి రాగానే, కిందటి నెలే మార్చామన్నా సరే, ఇంజిన్ ఆయిల్ మార్చేయండి. ఆడి డీజిల్‌కి 507.00, బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్‌కి 229.51 లేదా 229.52 అని డబ్బా మీద ఉండాలి. ఈ నూనెలు బూడిద తక్కువ వదిలేవి. మామూలు నూనె పోస్తే డీపీఎఫ్‌లో పేరుకునే బూడిదని ఏ హైవే పరుగూ కాల్చలేదు. కంపెనీ ఎంత దూరమని చెప్పినా మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో 10 వేల కిలోమీటర్లకోసారి, లేదా ఏడాదికోసారి మారుస్తూ ఉండండి.