ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత పోస్ట్‌గ్రెస్‌లో డేటా మాయమైందా? ముందు పోర్టు చూడండి

లక్షణం: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ ఉన్న మెషీన్‌లో ఉబుంటు 22.04ను 24.04కి మార్చాక యాప్ లేవదు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వస్తుంది. పోర్టు (సర్వర్‌కు కనెక్ట్ అయ్యే నంబరు) మార్చి చూస్తే కనెక్ట్ అవుతుంది గానీ, మీ డేటాబేసే లేదంటుంది. కంగారుపడి బ్యాకప్ రీస్టోర్ మొదలుపెట్టకండి.

కొట్టాల్సిన మొదటి కమాండ్ పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్; మెషీన్‌లోని క్లస్టర్లను, అంటే సొంత డేటా డైరెక్టరీ, పోర్టు ఉన్న పోస్ట్‌గ్రెస్ సర్వర్లను చూపిస్తుంది. దీన్ని వదిలేసి గంటల తరబడి కాన్ఫిగ్ ఫైళ్ళు కెలికేవాళ్ళే ఎక్కువ. వెర్షన్, పేరు, పోర్టు, స్థితి ఇలా కనిపిస్తాయి:

14 మెయిన్ 5432 డౌన్
16 మెయిన్ 5433 ఆన్‌లైన్

కారణం: 22.04తో వచ్చేది పోస్ట్‌గ్రెస్ 14, 24.04తో వచ్చేది 16. డెబియన్, ఉబుంటుల్లో ప్రతి మేజర్ వెర్షన్‌కూ వేరే ప్యాకేజీ, వేరే డేటా డైరెక్టరీ. 16 దిగగానే ఖాళీ క్లస్టర్ ఒకటి దానంతటదే పుడుతుంది. 5432 పాతదాని పేరు మీద ఉంది కాబట్టి కొత్తదానికి 5433 దక్కుతుంది. మీ డేటాను 16లోకి ఎవరూ మార్చలేదు, అది 14లోనే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

14 పక్కన "బైనరీస్ మిస్సింగ్" అని కూడా ఉంటే, పాత ప్యాకేజీలు తీసేయాలా అని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు సరే అన్నారన్నమాట. ప్రోగ్రాం పోయింది గానీ, పర్జ్ (డేటాతో సహా పూర్తిగా తుడిచేయడం) చేయనంతవరకు డేటా ఫైళ్ళు అలాగే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ వాళ్ళ సొంత ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీలు దిగే చోటు) చేర్చుకుని 14ను మళ్ళీ వేయండి.

బాగా తెలిసినవాళ్ళు కూడా బోల్తా పడేది వెర్షన్ చూసే దగ్గర. సర్వర్‌కు కనెక్ట్ అయ్యే కమాండ్ లైన్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌ను వెర్షన్ అడిగితే 16 అంటుంది, దాంతో సర్వర్ కూడా 16 అనుకుంటారు. ఆ అంకె క్లయింట్‌ది. ఎన్ని క్లస్టర్లున్నా పీఎస్‌క్యూఎల్ ఎప్పుడూ అన్నిటికన్నా కొత్త బైనరీనే వాడుతుంది. లోపలికి వెళ్ళి "షో సర్వర్_వెర్షన్", "షో పోర్ట్", "షో డేటా_డైరెక్టరీ" అడగండి. ఈ మూడూ చూశాకే ఏ క్లస్టర్‌లో నిలబడ్డారో తెలుస్తుంది.

పరిష్కారం: యాప్ ఆపండి. పాత క్లస్టర్‌ను కొత్త వెర్షన్‌కి మార్చే పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్‌ను నేరుగా నడిపితే, 16 మెయిన్ ఇప్పటికే ఉందని ఆగిపోతుంది. ఆ ఖాళీ క్లస్టర్‌ను ముందు తీసేయాలి. తీసేముందు 5433లోకి వెళ్ళి డేటాబేస్‌ల జాబితా చూడండి: పోస్ట్‌గ్రెస్, టెంప్లేట్0, టెంప్లేట్1 తప్ప ఇంకేమీ ఉండకూడదు. తర్వాత పీజీ_డ్రాప్‌క్లస్టర్ 16 మెయిన్, చివర స్టాప్ ఆప్షన్. ఇక్కడ 16 బదులు 14 అని పడిందా, ఇక బ్యాకపే దిక్కు. ఎంటర్ నొక్కేముందు అంకె మరోసారి చదవండి.

ఇప్పుడు పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 14 మెయిన్. పని పూర్తయ్యాక 5432 కొత్తదానికి వస్తుంది, పాతది వేరే పోర్టులో ఆగి ఉంటుంది. మామూలుగా ఇది డంప్ (డేటా మొత్తం ఎగుమతి) తీసి మళ్ళీ ఎక్కిస్తుంది కాబట్టి, డిస్కులో రెండో కాపీకి చోటుండాలి. చోటు లేకపోతే అప్‌గ్రేడ్ మెథడ్‌కు లింక్ ఆప్షన్ కలిపి వాడొచ్చు, అప్పుడు ఫైళ్ళను కాపీ చేయకుండా పాతవాటికే లింక్ పెడుతుంది. అయితే లింక్‌తో చేసి కొత్త సర్వర్‌ను ఒక్కసారి లేపాక పాతదానికి వెనక్కి వెళ్ళే దారి లేదు.

పోస్ట్‌జీఐఎస్ (మ్యాపుల డేటా కోసం) లాంటి ఎక్స్‌టెన్షన్లుంటే 16 కోసం కట్టిన ప్యాకేజీని ముందే వేయండి. లేకపోతే లైబ్రరీ ఫైలు దొరకలేదని మధ్యలో ఆగుతుంది.

మిగతావి చిన్నవి. డంప్ తీసే పీజీ_డంప్ ప్రోగ్రాం "వెర్షన్ మిస్‌మ్యాచ్" అంటే క్లయింట్ సర్వర్ కన్నా పాతది, కొత్త క్లయింట్ వేస్తే చాలు. డాకర్‌లో "డేటా డైరెక్టరీ 14తో మొదలైంది, 16తో కుదరదు" అని వస్తే ఇమేజ్ ట్యాగ్‌ను 14కి తిప్పి, డంప్ తీసుకుని అప్పుడు మారండి. లేటెస్ట్ ట్యాగ్ పెట్టుకుంటే ఈ గొడవ తప్పదు. డేటా డైరెక్టరీలో వెర్షన్ రాసి ఉండే పీజీ_వెర్షన్ ఫైలులోని అంకెను చేత్తో దిద్దితే మాత్రం ఏమీ మారదు, లోపలి ఫైళ్ళ అమరికే వేరు.