ఇంగ్లిష్ పదాల వాడుక లెక్క: రెండు జాబితాలకు పొంతన కుదరకపోతే

ఒకే పదం సబ్‌ట్లెక్స్-యూఎస్ అనే పదాల జాబితాలో 510 సార్లు, బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో (భాషా నమూనాల పెద్ద సేకరణ) 1000 సార్లు కనిపించిందనుకోండి. తేడా పదంలో లేదు, జాబితా సైజులో ఉంది. మొదటిది సినిమా, టీవీ సబ్‌టైటిళ్లలోని సుమారు 5.1 కోట్ల పదాల మీద కట్టింది, రెండోది 10 కోట్లది. 5.1 కోట్లంటే 51 పది లక్షలు, 10 కోట్లంటే 100 పది లక్షలు; కాబట్టి 510ని 51తో, 1000ని 100తో భాగిస్తే రెండూ పది లక్షల పదాలకు 10 దగ్గరే తేలతాయి. నేను దీన్ని జిఫ్ స్కేలులోకి (పదం వాడుకను లాగరిథమ్‌తో చిన్న అంకెగా చూపే కొలత) మార్చి పెట్టుకుంటాను: 10కి లాగరిథమ్ 1, దానికి 3 కలిపితే 4. పైథాన్‌లోని వర్డ్‌ఫ్రీక్ లైబ్రరీ ఈ అంకెనే నేరుగా ఇస్తుంది. కాకపోతే దాని డేటా 2021 దగ్గర ఆగిపోయింది, కొత్త మాటలకు పనికిరాదు.

అప్పటికీ పొసగకపోతే రూపాలు చూడాలి. 'గో', 'వెంట్', 'గాన్' కలిపి లెక్కేసిన జాబితాను విడివిడిగా లెక్కేసిన దాని పక్కన పెడితే ఎప్పటికీ కుదరదు. నిజమైన తేడా కూడా ఉంటుంది: సబ్‌టైటిళ్లు సంభాషణలు, బ్రిటిష్ కార్పస్‌లో 90 శాతం రాత. 'వేరాజ్' (whereas) లాంటి రాతలో ఎక్కువగా వాడే మాట మొదటిదాంట్లో పలచబడటం సహజమే.

పుస్తకాల్లో పదాల వాడుకను ఏళ్లవారీగా గ్రాఫు గీసే గూగుల్ ఎన్‌గ్రామ్ శాతాల్లో చూపిస్తుంది, పది లక్షల పదాలకు ఎన్నో తెలియాలంటే 10,000తో గుణించుకోండి. పెద్దక్షరాల తేడా పట్టించుకోవద్దనే ఆప్షన్ ఆన్ చేయకపోతే వాక్యం మొదట్లో వచ్చినవి లెక్కలోంచి జారిపోతాయి. 1800కు ముందు అచ్చైన పుస్తకాల్లో పొడుగు 'ఎస్'ను (ſ, 'ఎఫ్'లా కనిపించే పాత రూపం) స్కానింగ్ తరచూ 'ఎఫ్'గా చదివేస్తుంది. ఆ కాలపు గ్రాఫును నేనైతే వాడను.