పాత వాంపైర్ సినిమా రివ్యూలు చదవడానికి నా పద్ధతి

నేను గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద, అంటే లోహాన్నీ కొయ్యనీ గిర్రున తిప్పుతూ చెక్కే మిషన్ మీద పనిచేస్తాను. రాత్రి భోజనం అయ్యాక చిన్న బడ్జెట్ హారర్ సినిమాలు చూసి, వాటి మీద రివ్యూలు చదవడం నాకు ఏళ్లనాటి అలవాటు. కొత్తవాళ్లు 1964లో వచ్చిన ‘ది లాస్ట్ మ్యాన్ ఆన్ ఎర్త్’తో మొదలుపెట్టండి. లోకమంతా ఒక రోగం వల్ల వాంపైర్లు, అంటే రక్తం తాగే పిశాచాలు అయిపోతే, హీరో విన్సెంట్ ప్రైస్ ఒక్కడే మనిషిగా మిగులుతాడు. కథ అమెరికాది, తక్కువ ఖర్చులో తీసింది మాత్రం రోమ్‌లో.

ముందు సినిమా చూడండి. రివ్యూల జోలికి వెళ్లకుండా, మనసులో నిలిచిపోయిన మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. నా కాగితంలో మొదటిది లేత్. వాంపైర్ల గుండెల్లో దించే కొయ్యమేకుల్ని హీరో లేత్ మీద తయారుచేస్తాడు. మొహంలో కోపం లేదు, భయమూ లేదు. నెలాఖరున ఆర్డర్లు పూర్తిచేసేటప్పుడు మా షెడ్డులో మొహాలు అచ్చం అలాగే ఉంటాయి. చంపడం కూడా ఇతనికి రోజువారీ డ్యూటీ అయిపోయిందని ఒక్క డైలాగ్ లేకుండా తెలిసిపోతుంది. డబ్బు లేకపోవడం వేరు, ఆలోచన లేకపోవడం వేరు. ఆ తేడా ఇలాంటి చోటే పట్టుకోవాలి.

ఇక రివ్యూలు తీయండి. ‘స్లో’ అన్న మాట తగిలితే ఆగి, ఏది స్లో అంటున్నారో వెతకండి. మధ్యలో ఫ్లాష్‌బ్యాక్ సాగిందంటే నేనూ ఒప్పుకుంటాను. వాంపైర్ల నడకే తప్పంటే మాత్రం ఒప్పుకోను. వాళ్లు ఒంట్లో ఓపిక లేని రోగులు, రాత్రంతా తలుపు బాదుతూ పేరు పెట్టి పిలుస్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక కరెంటు లేకుండా, బయటి చప్పుళ్లు వింటూ కూర్చున్న మన వైజాగ్ వాళ్లకి ఆ రాత్రి ఎంత పొడుగో తెలుసు.

విమర్శకుల రివ్యూలన్నీ ఒకచోట పెట్టే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్ చూపించే శాతం సినిమాకి వేసిన మార్కు కాదు, ఎంతమంది విమర్శకులకు నచ్చిందన్న లెక్క. అందరూ ‘ఫర్వాలేదు, చూడొచ్చు’ అన్నా నూరు శాతం వస్తుంది.

ఎవరు, ఎప్పుడు రాశారో కూడా చూడండి. మూల నవల రాసిన రిచర్డ్ మాథిసన్‌కే ఈ సినిమా నచ్చక, స్క్రీన్‌ప్లేకి లోగన్ స్వాన్సన్ అని మారుపేరు వేయించుకున్నాడు. ఆయన తన నవలతో పోల్చుకున్నాడు, అది న్యాయమే. అదే నవల స్ఫూర్తితో జార్జ్ రొమేరో 1968లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే జాంబీల (లేచి నడిచే శవాల) సినిమా తీశాడు. ఆ తర్వాత రాసినవాళ్లకి ఈ నీరసపు వాంపైర్లలో జాంబీలు కనిపించాయి.

చివరికి మీ కాగితం మళ్లీ తీయండి. మీరు రాసుకున్న మూడూ ఎన్ని రివ్యూల్లో ఉన్నాయో చూడండి. నేను చదివినవాటిలో లేత్ మాట ఎక్కడా లేదు. నా రివ్యూ అక్కడినుంచే మొదలుపెట్టాను.