మిలోస్‌లో బీచ్‌ని గాలిని చూసి ఎంచుకోండి

జూలై, ఆగస్టుల్లో గ్రీసులోని మిలోస్ దీవికి వెళ్తే, ఏ బీచ్‌కు వెళ్లాలో ముందు రోజే తేల్చుకోకండి. ఆ నెలల్లో ‘మెల్తెమి’ అనే ఉత్తరపు గాలి ఒక్కోసారి రోజుల తరబడి వీస్తుంది. అప్పుడు ఉత్తర తీరాన ఉన్న సరాకినికోలో అలలు తెల్లటి రాళ్లను బాదేస్తుంటాయి. ఫొటోలు తీసుకుని వచ్చేయడమే. ఈతకు దక్షిణాన ఫిరిప్లాకా, పలియోఖోరి మేలు. పలియోఖోరిలో భూగర్భ వేడికి కొన్నిచోట్ల ఇసుక కాలికి వెచ్చగా తగులుతుంది, అదో సరదా.

అయితే నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని పిల్లలను గాలి నింపిన పరుపు మీద వదలకండి. అక్కడ గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. చూస్తుండగానే పరుపు ఈదినా అందనంత దూరం పోతుంది.

క్లెఫ్టికో గుహలకు పడవ ప్రయాణం మొదటి రోజుల్లోనే పెట్టుకోండి. గాలికి రద్దయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.